తిరుపతి వాన నీళ్ళ మోడల్: పొంగేది ఒక చోట, నీళ్ళు నిలిచేది ఇంకో చోట. ఎందుకు?

కపిలవంక
వాన నీళ్ళు కాలవల్లో ఎలా పారుతాయో లెక్కగట్టే ఎస్‌డబ్ల్యూఎంఎం 5.2 సాఫ్ట్‌వేర్‌లో కపిలతీర్థం రోడ్డు వైపు నుంచి రైలు పట్టాల దాకా ఒక పట్టీకి మోడల్ కట్టాను. 84 హెక్టార్లు, 62 జంక్షన్లు (కాలవలు కలిసే బిందువులు, వీటినే నోడ్‌లంటారు; జే-14 లాంటివి వాటి పేర్లు). దాదాపు అన్నీ రోడ్డు పక్క కాంక్రీటు కాలవలే: 0.9 మీటర్ల వెడల్పు, 0.9 లోతు, పైన పలకలు. రూటింగ్ (నీళ్ళు కాలవల వెంట సాగే లెక్క) డైనమిక్ వేవ్, వాన గంటకు 60 మి.మీ.

రిపోర్టులో పొంగు అంతా పైన వాలు మీదున్న జే-14, జే-15 దగ్గరే చూపిస్తోంది. ఒక్క జే-14లోనే 410 ఘనపు మీటర్లు. కింద అండర్ బ్రిడ్జి దగ్గరున్న జే-51లో మాత్రం కాలవ సగం కూడా నిండలేదు. ఊళ్ళో జరిగేది దీనికి పూర్తిగా రివర్స్: పైన రోడ్డు మీద నీళ్ళు పారి పోతాయి, కింద బండ్లు మునుగుతాయి. కంటిన్యుటీ ఎర్రర్ (వచ్చిన నీటికీ, పోయిన, మిగిలిన నీటికీ లెక్కలో తేడా) 0.6 శాతమే, అంటే లెక్క కుదిరినట్టే కదా? దీన్ని వదిలేసి నేలంతా గళ్ళుగా విడదీసి నీళ్ళు ఎటైనా పరుచుకునేలా లెక్కగట్టే హెక్‌రాస్ 2డీకి పోవాలా?

క్యూజీఐఎస్_రాయుడు
ముందు ఒకటి చెప్పు. ఆప్షన్స్‌లో అలౌ పాండింగ్ (పొంగిన నీళ్ళను నోడ్ మీదే నిలవనివ్వడం) ఆన్‌లో ఉందా?

కపిలవంక
లేదు. ఆఫ్.

క్యూజీఐఎస్_రాయుడు
అయితే ఆ 410 ఘనపు మీటర్లు మోడల్ నుంచి బయటికి పోయాయి. జే-14 మూత దాటిన నీటిని సాఫ్ట్‌వేర్ ఫ్లడింగ్ లాస్ కింద రాసేసి మర్చిపోతుంది. ఆ నష్టాన్ని బయటికి పోయిన నీటిలోనే కలిపి లెక్క కడుతుంది కాబట్టి ఎంత పొంగి పోయినా దానివల్ల కంటిన్యుటీ ఎర్రర్ పెరగదు. ఎర్రర్ 10 శాతం దాటితే ఫలితాన్ని నమ్మొద్దని మాన్యువల్ చెబుతుంది. అంతేగానీ తక్కువుంటే నమ్మేయమని కాదు. ఫ్లో రూటింగ్ కంటిన్యుటీ పట్టికలో ఫ్లడింగ్ లాస్ అనే వరస విడిగా ఉంటుంది, అది చూడు.

పాకాల_ప్యాసింజర్
పాండింగ్ ఆన్ చేసి జే-14కి పాండెడ్ ఏరియా 1000 చదరపు మీటర్లు ఇవ్వు. 410 ఘనపు మీటర్లంటే 41 సెంటీమీటర్ల లోతు. పని అయిపోయె.

శేషాచలం_గట్టు
ఈ ఒక్క విషయంలో ప్యాసింజర్‌తో ఒప్పుకోను. పాండింగ్ అంటే పొంగిన నీళ్ళు ఆ నోడ్ మీదే తొట్టిలో ఉన్నట్టు నిలబడి, కాలవ ఖాళీ అయ్యాక మళ్ళీ అదే నోడ్‌లోకి దిగుతాయి. చదునుగా ఉన్న పల్లంలో అది సరిపోతుంది. జే-14 ఉన్నది నూటికి ఒకటి వాలున్న రోడ్డు మీద. అక్కడ 41 సెంటీమీటర్ల నీళ్ళు ఎలా నిలుస్తాయి? కిందికి ఉరుకుతాయి.

లెక్క వేసి చూద్దాం. రోడ్డు అడ్డవాలు 2.5 శాతం, పొడవు వాలు 1 శాతం, మ్యానింగ్ ఎన్ (గరుకు లెక్క) 0.016, నీళ్ళు అంచు రాయి నుంచి మూడున్నర మీటర్ల వెడల్పున పారుతున్నాయి అనుకో. రోడ్డుకు ఒక పక్కనే సెకనుకు 140 లీటర్లు పోతాయి. అంచు రాయి దగ్గర లోతు 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. చూసేవాళ్ళకి రోడ్డు తడిసినట్టే ఉంటుంది, కానీ అదొక కాలవ. నీ మోడల్‌లో ఆ కాలవ లేదు. జే-51 నిండకపోవడానికి మొదటి కారణం అదే.

కపిలవంక
అంటే రోడ్డును కూడా కాండ్యూట్‌గా (నీళ్ళు పారే లింకుగా) గీయాలా?

శేషాచలం_గట్టు
గీయాలి. ప్రతి కాలవ జంక్షన్‌కి జతగా రోడ్డు మట్టంలో ఇంకో జంక్షన్ పెట్టు. రోడ్డు జంక్షన్లను స్ట్రీట్ సెక్షన్‌తో కలుపు, 5.2లో అంచు రాయి ఎత్తు, అడ్డవాలు, గట్టర్ పల్లం, వెనకనున్న ఫుట్‌పాత్ వెడల్పు అన్నీ విడివిడిగా ఇవ్వొచ్చు. ఆ స్ట్రీట్ కాండ్యూట్ మీద ఇన్‌లెట్ (రోడ్డు నీళ్ళు కాలవలోకి దిగే నోరు) పెట్టి, పట్టిన నీళ్ళు ఏ కాలవ నోడ్‌లో పడాలో చెప్పు. పట్టనివి రోడ్డు మీదే కిందికి సాగుతాయి. కాలవ నిండి పొంగితే ఆ నీళ్ళు ఇన్‌లెట్ గుండానే రోడ్డు మీదికి తిరిగొస్తాయి, అది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సబ్‌క్యాచ్‌మెంట్ల (వాన పడే నేల ముక్కల) అవుట్‌లెట్, అంటే ఆ నీళ్ళు చేరే నోడ్, ఎక్కడిచ్చావు? కాలవ జంక్షన్‌కే ఇచ్చి ఉంటావు, చాలా మోడళ్ళు అంతే. అలా ఇస్తే పడిన ప్రతి చుక్కా ఏ అడ్డూ లేకుండా కాలవలోకి దిగిపోయినట్టు. అందుకే పైన కాలవలు పొంగిపోతున్నాయి. నిజానికి ఆ నీళ్ళలో చాలా భాగం కాలవలోకి దిగనే దిగవు. అవుట్‌లెట్‌ను రోడ్డు నోడ్‌కి మార్చు.

చంద్రగిరి_సివిల్
అన్నీ రోడ్డుకి మార్చొద్దు గట్టు గారూ. పాత వీధుల్లో డాబాల మీది నీళ్ళు పైపులో దిగి ఇంటి ముందు కాలవలోనే పడతాయి, రోడ్డుకి రావు. కప్పుల విస్తీర్ణం వేరే సబ్‌క్యాచ్‌మెంట్‌గా విడదీసి కాలవకి, రోడ్లూ ఖాళీ స్థలాలూ రోడ్డు నోడ్‌కి ఇవ్వాలి.

శేషాచలం_గట్టు
ఆ సవరణ న్యాయమే. ఒక్కో వీధిలో నాలుగిళ్ళు చూస్తే నిష్పత్తి తెలుస్తుంది.

కపిలవంక
సబ్‌క్యాచ్‌మెంట్లు కాలవకే ఇచ్చి ఉన్నాయి, విడదీస్తాను. కానీ మా వీధుల్లో జాలీలు లేవు. ఫుట్‌పాత్ కింద అడ్డంగా పెట్టిన పీవీసీ పైపు ముక్కలే ఉన్నాయి. ఇన్‌లెట్ రకం ఏది ఎంచుకోవాలి?

మొరవగట్టు
ఇప్పుడొచ్చినావప్పా అసలు విషయానికి. ఆ పైపులు 110 మి.మీ.వి. ఒక్కోదాని మీద పది సెంటీమీటర్ల నీళ్ళు నిలబడినా సెకనుకు దిగేది ఏడు లీటర్లే. నువ్వనే 60 మి.మీ. వానకి ఒక హెక్టారులో వచ్చేది ఎంత? సీ (పడిన వానలో పారే వంతు) 0.8 వేసుకున్నా 133 లీటర్లు. అంటే హెక్టారుకి పంతొమ్మిది పైపులు కావాల, అవీ శుభ్రంగా ఉంటేనే. యాడుండాయి అన్ని? ఉండేవాట్లో కూడా మూతి దగ్గర పాల కవరో, టెంకాయ పీచో, రోడ్డేసినప్పుడు మిగిలిన తారో అడ్డం పడి ఉంటాది. రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తారు పరిచేదానివల్ల కొన్ని పైపుల మూతి సగం రోడ్డు మట్టం కిందికే పోయి ఉండాది.

కస్టమ్ ఇన్‌లెట్ పెట్టు. దానికి రేటింగ్ కర్వ్ ఇవ్వచ్చు: లోతెంత ఉంటే ఎంత దిగుతుంది అని. నాలుగు పాయింట్లు చాలు. సున్నా దగ్గర సున్నా, 5 సెంటీమీటర్లకి 3 లీటర్లు, 10కి 7, 20కి 10. ఇంగ నంబర్ ఆఫ్ ఇన్‌లెట్స్ దగ్గర ఆ ముక్కలో రోడ్డుకి ఒక్కో పక్కన ఎన్ని పైపులుండాయో అది. లెక్కబెట్టేది మాత్రం కాగితం మీద కాదు, వీధిలో నడిచి.

కొత్త_కాలవ
జాలీలు ఉన్న చోట అడ్డు శాతం ఎంత ఇవ్వాలి? 50 అని ఎక్కడో చదివాను.

మొరవగట్టు
పల్లంలో ఉండే జాలీకి 50 ఇవ్వు, తప్పులేదు. 60 బై 45 సెంటీమీటర్ల జాలీ అంచు రాయికి ఆనుకొని ఉంటే మూడు పక్కల నుంచి నీళ్ళు దిగుతాయి, చుట్టుకొలత ఒకటిన్నర మీటరు. పది సెంటీమీటర్ల లోతుకి వియర్ (అంచు మీదుగా నీళ్ళు దూకే) సూత్రం: 1.66 ఇంటూ 1.5 ఇంటూ లోతు పవర్ ఒకటిన్నర. సుమారు 79 లీటర్లు. సగం మూసుకుంటే 39. వాలు మీద ఉండే జాలీకి ఈ లెక్క వాడొద్దు. అక్కడ నీళ్ళు జాలీ మీదుగా దూకి పోతాయి, ప్లేస్‌మెంట్‌ను ఆన్ గ్రేడ్‌కి మార్చుకో.

క్యూజీఐఎస్_రాయుడు
కాలవల పూడిక సంగతి ఎవరూ ఎత్తలేదు. 0.9 బై 0.9 కాలవ, వాలు 300కి 1, ఎన్ 0.015 అయితే సెకనుకు 1.4 ఘనపు మీటర్లు మోస్తుంది. అడుగున 30 సెంటీమీటర్ల ఇసుక చేరితే మిగిలిన లోతు 0.6, గరుకు పెరిగి ఎన్ 0.020 అనుకుంటే 0.63. సగం కూడా లేదు. లోతులో మూడో వంతే పోయింది, మోసే శక్తి మాత్రం సగానికి పైగా పోయింది. గుండ్రటి పైపుకి ఫిల్డ్ సర్క్యులర్ అని రెడీగా ఉంది. చదరపు కాలవకి అది లేదు కాబట్టి ఎత్తు 0.6కి తగ్గించి, రెండు చివరలా ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఆఫ్‌సెట్ 0.3 ఇవ్వాలి. ఆఫ్‌సెట్ మర్చిపోతే పూడిక అడుగున కాకుండా కాలవ పైకప్పే కిందికి దిగినట్టవుతుంది, ఒక చివరే మర్చిపోతే వాలు లెక్క కూడా పోతుంది.

పాకాల_ప్యాసింజర్
వాన ఎలా ఇచ్చావు? టైమ్ సిరీస్ 15 నిమిషాలదైతే రెయిన్ గేజ్‌లో ఫార్మాట్ ఇంటెన్సిటీనా వాల్యూమా చూసుకో. 15 నిమిషాల్లో పడిన 15 మి.మీ.ను ఇంటెన్సిటీ అని ఇస్తే గంటకు 15 అనుకుంటుంది. అసలు అది గంటకు 60. నాలుగో వంతు వానతో ఊరు మునగలేదని రిపోర్టు రాసేస్తారు.

కపిలవంక
ఇంటెన్సిటీయే, గంటంతా ఒకే 60. రోజు మొత్తం కొలతలే దొరికాయి, గంటగంటవి లేవు.

చంద్రగిరి_సివిల్
గంటంతా ఒకే తీవ్రత ఇస్తే శిఖరం చదునైపోతుంది. రోజు కొలత నుంచి తక్కువ వ్యవధి తీయడానికి వాతావరణ శాఖ వాడే మూడో మూలం సూత్రం ఉంది: వ్యవధిని 24తో భాగించి, దాని ఘనమూలాన్ని రోజు వానతో గుణించాలి. రోజుకి 150 మి.మీ. అయితే గంటకి 52, పావుగంటకి 33. పావుగంటలో 33 అంటే తీవ్రత గంటకు 131! ఇన్‌లెట్లు చేతులెత్తేసేది ఆ పావుగంటలోనే. ఈ విలువలతో ఆల్టర్నేటింగ్ బ్లాక్ పద్ధతిలో వరస పేర్చుకో: పెద్ద ముక్క మధ్యలో, మిగతావి అటొకటి ఇటొకటి. మన దగ్గర పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వాయుగుండాలతో వస్తాయి, అవి రోజంతా నానబెట్టి మధ్యలో దంచుతాయి. నేల అప్పటికే తడిసి ఉంటుంది. అందుకని నేలలోకి నీళ్ళు ఇంకే లెక్క గ్రీన్-ఆంప్ట్‌లో తొలి తేమ లోటు తక్కువగా పెట్టు.

శేషాచలం_గట్టు
కొండ నీళ్ళు ఎలా ఇచ్చావు అన్నది కూడా చెప్పు. 84 హెక్టార్లలో కొండ ఉందా?

కపిలవంక
లేదు. ఊరి హద్దు దగ్గరే ఆపాను.

శేషాచలం_గట్టు
అక్కడ ఆపకూడదు. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున, ఊరు 160 దగ్గర. రెండున్నర కిలోమీటర్ల పొడవులో 600 మీటర్లు దిగే వంకకి కిర్‌పిచ్ సూత్రం వేస్తే నీళ్ళు చేరే సమయం 14 నిమిషాలు. వాన దంచిన పావుగంటకే కొండ నీళ్ళు ఊరి తలకట్టు దగ్గర ఉంటాయి. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర దిగిన నీళ్ళు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

క్యూజీఐఎస్_రాయుడు
కొండనంతా ఒకే సబ్‌క్యాచ్‌మెంట్ చేయొద్దు. విడ్త్ అంటే విస్తీర్ణాన్ని నేల మీద నీళ్ళు పారే పొడవుతో భాగించినది. ఆ పొడవు వంద, నూట యాభై మీటర్లకి మించదు. ఆ తర్వాత అది వంకలో పడుతుంది. రెండున్నర కిలోమీటర్లూ నేల మీద పారినట్టు పెడితే ప్రవాహపు శిఖరం బాగా పడిపోతుంది. వంకలను కాండ్యూట్లుగా గీసి, ఎన్ 0.05 దాకా పెట్టు, బండరాళ్ళు కదా.

పాకాల_ప్యాసింజర్
కొండ మీద వాన, కింద వాన ఒకటి కాదు. రెండు రెయిన్ గేజ్‌లు పెట్టాలి.

కపిలవంక
సరే, ఇన్ని మార్చాక కూడా 1డీలోనే (నీళ్ళు గీసిన లింకుల వెంటే పారే మోడల్‌లోనే) ఉండాలా? 2డీ చేస్తే రోడ్లు గీసే పని తప్పుతుంది కదా. హెక్‌రాస్ 6.6లో పైపు నెట్‌వర్కు కూడా వచ్చింది. 30 మీటర్ల కార్టోశాట్ డీఈఎం (ఉపగ్రహం నుంచి తీసిన నేల ఎత్తుల మ్యాపు) ఇస్రో భువన్ సైటు నుంచి దించి పెట్టుకున్నాను.

క్యూజీఐఎస్_రాయుడు
30 మీటర్ల డీఈఎంతో వీధి వరద వెయ్యొద్దు, దయచేసి. ఒక పిక్సెల్‌లో రోడ్డు, రెండు వరసల ఇళ్ళు, వెనక సందు అన్నీ కలిసి ఒకే ఎత్తు అయిపోతాయి. ఎత్తులో తప్పు మీటర్లలో ఉంటుంది, మనం వెతికేది 15 సెంటీమీటర్ల అంచు రాయిని. కొండ భాగానికి అది చాలు. ఊరికి డ్రోన్ సర్వే, లేదా టోటల్ స్టేషన్‌తో రోడ్డు మధ్య, రెండు అంచులు, గడపలు 20 మీటర్లకోసారి.

చంద్రగిరి_సివిల్
మంచి సర్వే చేతిలో ఉంటే 2డీయే మేలు. రైలు కట్ట దగ్గర నీళ్ళు అటూ ఇటూ పక్కకి పరుచుకుంటాయి, ఎటు పోతాయో నువ్వు ముందే గీయలేవు. కానీ మూడు చోట్ల చెయ్యి కాలుతుంది. ఒకటి, హెక్‌రాస్ సెల్ (నేలను విడదీసిన గడి) అంచు మీద ఉన్న ఎత్తులనే అడ్డుగా చూస్తుంది. రైలు కట్ట సెల్ మధ్యలో పడితే నీళ్ళు కట్టను దాటి అవతల ప్రత్యక్షమవుతాయి. కట్ట శిఖరం వెంబడి బ్రేక్‌లైన్ (సెల్ అంచులు దాని మీదే పడేలా చేసే గీత) గీసి ఎన్‌ఫోర్స్ చెయ్. రెండు, డ్రోన్ డీఈఎంలో అండర్ బ్రిడ్జి మీదున్న రైలు వంతెనే నేల అయి కూర్చుంటుంది. అప్పుడు దారి లేక నీళ్ళు చెరువులా నిలుస్తాయి. ర్యాస్ మ్యాపర్‌లో టెరైన్ మాడిఫికేషన్‌తో ఆ వెడల్పున కోసెయ్. కట్ట కింద ఉండే చిన్న తూములు కూడా అంతే, ఒక్కొక్కటీ 2డీ కనెక్షన్‌లో కల్వర్టుగా పెట్టాలి. మూడు, టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య సమయం). 4 మీటర్ల సెల్, సెకనుకు 2 మీటర్ల వేగం అంటే 2 సెకన్లు. వాలు వీధుల్లో ఇంకా తగ్గించు.

శేషాచలం_గట్టు
సర్వే లేకపోతే నా ఓటు 1డీ జంట కాలవలకే. ఆ అందమైన నీలం మ్యాపు చూపిస్తే సమావేశంలో అందరూ నమ్మేస్తారు. అదే చిక్కు. లోతులు తప్పయినా రంగు మాత్రం ముచ్చటగానే ఉంటుంది.

చంద్రగిరి_సివిల్
సర్వే లేకపోతే 1డీ కూడా తప్పే గట్టు గారూ. స్ట్రీట్ వాలు ఎక్కడ నుంచి తెస్తారు?

శేషాచలం_గట్టు
రోడ్డు మధ్యగీత లెవెల్స్ ఇద్దరు మనుషులు, ఒక ఆటో లెవెల్‌తో వచ్చేస్తాయి. ప్రతి గడపా అక్కర్లేదు. దాన్ని బట్టే అన్నాను.

మొరవగట్టు
ఇద్దురూ ఆగండి. కింది చివర అవుట్‌ఫాల్ (నీళ్ళు మోడల్ నుంచి బయటపడే నోడ్) ఏం పెట్టినాడో అడిగినారా ఎవరైనా?

కపిలవంక
ఫ్రీ.

మొరవగట్టు
అదీ సంగతి! ఫ్రీ అంటే కాలవ గాల్లోకి దూకినట్టు. నీ కాలవ పోయి కలిసేది పెద్ద కాలవలోనో చెరువులోనో. వానాకాలం చెరువు నిండి మొరవ (అలుగు) పారేటప్పుడు నీటి మట్టం నీ కాలవ మూతి మీదుగా ఉంటాది. అప్పుడు నీళ్ళు ఎనక్కి తంతాయి. ఫిక్స్‌డ్ అవుట్‌ఫాల్ పెట్టి మొరవ మట్టం ప్లస్ అరమీటరు ఇచ్చి చూడు. 20 మీటర్ల మొరవ మీద అరమీటరు నీళ్ళు పారితే సెకనుకు 12 ఘనపు మీటర్లు, అది మామూలు విషయమే. చెరువు లోతు, విస్తీర్ణం తెలిస్తే స్టోరేజ్ నోడ్, వియర్ పెట్టి చెరువునే మోడల్‌లోకి తెచ్చుకో. కైనమాటిక్ వేవ్ అనే ఇంకో రూటింగ్ వాడేవాళ్ళకి ఈ ఎనక్కి తన్నడం కనపడదు, నువ్వు డైనమిక్‌లో ఉండావు, మంచిది.

కొత్త_కాలవ
అండర్ బ్రిడ్జిని జంక్షన్‌గా పెట్టాలా, స్టోరేజ్‌గానా?

చంద్రగిరి_సివిల్
స్టోరేజ్. లోతుకి ఎంత విస్తీర్ణమో కర్వ్ ఇవ్వాలి, ర్యాంపులు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి లోతు పెరిగేకొద్దీ విస్తీర్ణం గబగబా పెరుగుతుంది. మోటార్లకి పంపు లింకు, ఆన్, ఆఫ్ లోతులతో. 10 హెచ్‌పీ మోటారు 8 మీటర్ల ఎత్తుకి, సామర్థ్యం 60 శాతం అనుకుంటే, సెకనుకు 57 లీటర్లు. రెండు కలిస్తే 114. పైన చెప్పిన హెక్టారుకి 133 లీటర్లు గుర్తుందా? అండర్ బ్రిడ్జికి ఒక్క హెక్టారు రోడ్డు నీళ్ళు వచ్చినా రెండు మోటార్లు ఓడిపోతాయి. అందుకే మోటార్లు పెంచే ముందు, ర్యాంపు తలకట్టు దగ్గర రోడ్డును 20 సెంటీమీటర్లు ఎత్తి, బయటి నీళ్ళు లోపలికి రాకుండా చేస్తే ఏమవుతుందో మోడల్‌లో చూడాలి.

కపిలవంక
చెప్పినవన్నీ మార్చి రన్ చేశాను. కప్పులు కాలవకి, మిగతావి రోడ్డుకి, పైపులకు కస్టమ్ ఇన్‌లెట్, పూడిక 30 సెంటీమీటర్లు, కొండ నాలుగు ముక్కలు, అవుట్‌ఫాల్ ఫిక్స్‌డ్. జే-14 పొంగు 410 నుంచి 35 ఘనపు మీటర్లకి పడిపోయింది. అండర్ బ్రిడ్జి స్టోరేజ్‌లో లోతు 1.3 మీటర్లు. రూటింగ్ స్టెప్ 5 సెకన్లు ఉంటే స్ట్రీట్ లింకుల్లో ప్రవాహం ఎగిరెగిరి పడింది, 1 సెకనుకి తగ్గిస్తే కుదురుకుంది. ఇప్పుడు ఈ 1.3 నిజమో కాదో ఎలా తేల్చాలి?

క్యూజీఐఎస్_రాయుడు
2021 నవంబరు వానల వీడియోలు జనం ఫోన్లలో ఇంకా ఉన్నాయి. గోడ మీద నీటి గీత, ఆటో చక్రం, దుకాణం మెట్టు, ఏది కనిపిస్తే అది. సమయం ఫైల్‌లోనే ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చినదైతే మాత్రం ఆ సమయాన్ని నమ్మకు. లోతు ఒక్కటే కాదు, నీళ్ళు ఎప్పుడెక్కాయి, ఎప్పుడు దిగాయి అన్నది కూడా కలవాలి. లోతు కలిసి సమయం కలవకపోతే కొండ నీళ్ళ దగ్గరే ఏదో తేడా ఉన్నట్టు.

పాకాల_ప్యాసింజర్
లోతును రోడ్డు నుంచి కొలవకు. ఆ తర్వాత రోడ్డు మీద తారు పడి ఉంటుంది. వంతెన అబట్‌మెంట్ (పక్క గోడ) మీద గీతకి లెవెల్ తీసి, సముద్ర మట్టం నుంచి రాసుకో.

మొరవగట్టు
ఇంకొకటి చూసుకో. ఆ మోటార్ల పైపు యాడ పడతాది? అదే పక్క కాలవలో పడి, ఆ కాలవ నిండుగా ఉంటే, పైపుల గుండా రోడ్డు మీదికొచ్చి ర్యాంపులో నుంచి మళ్ళీ కిందికే వస్తాది. మోటార్లు రాత్రంతా తిరుగుతానే ఉంటాయి, నీళ్ళు తగ్గవు. పంపు లింకు చివర ఏ నోడ్‌కి ఇచ్చినావు?

కపిలవంక
జే-52. పక్క కాలవే.

మొరవగట్టు
దాన్ని రైలు కట్ట అవతలి కాలవకి మార్చి ఇంకో రన్ వెయ్. రెండు రన్‌ల హైడ్రోగ్రాఫులూ (సమయంతో ప్రవాహం మారే గీతలు) ఒకదాని మీద ఒకటి పెట్టి ఇక్కడ ఎక్కించు, చూద్దాం.